ఇంజిన్ కింద రబ్బరు ముద్ద

సిగ్నల్ దగ్గర కారు ఆపినప్పుడు స్టీరింగు మీద మీ వేళ్ళకి ఏం తెలుస్తోందో ఎప్పుడైనా పట్టించుకున్నారా? పట్టించుకుని ఉండరు. ఎవరి కారు వణుకు వాళ్ళకి తెలియదండీ. పక్క సీట్లో కొత్తగా వచ్చి కూర్చున్నవాడికి మాత్రం పళ్ళు టకటకలాడతాయి. "ఇంజిన్ ఏమైనా తేడాగా ఉందాండీ?" అని మొహమాటపడుతూనే అడుగుతాడు. "అబ్బే, మొదట్నించీ ఇంతే" అని మనం తేల్చేస్తాం. మొదట్లో అలా ఉంటే షోరూం వాడి పీక పట్టుకుని ఉండేవాళ్ళం. రోజుకి ఆవగింజంత చొప్పున పెరిగిన అదురు గనక ఒంటికి పట్టేసింది, అంతే.

ఆ అదురుకి చాలాసార్లు కారణం ఇంజిన్ మౌంటింగు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నిలబడినా "మౌంటింగులు పోయాయి సార్" అన్న మాట చెవిన పడుతుంది. రెండు ఇనప పలకల మధ్య అతికించిన రబ్బరు ముద్ద అది. ఒక పలక ఇంజిన్‌కి, రెండోది కారు చట్రానికి బిగిస్తారు. ఇద్దరు వియ్యంకుల మధ్య నిలబడ్డ పెళ్ళిపెద్ద పని దానిది. ఇటువాడి చిందులు అటువాడి దాకా పోనివ్వకూడదు, అలాగని ఇద్దర్నీ విడిపోనివ్వనూ కూడదు. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్ళూ అలాంటి మనిషి ఒకడున్నాడనే ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, టెక్సస్‌లో ఉన్న మా బావమరిది దగ్గర ఒక ఎర్ర మాజ్డా మియాటా ఉంది. 1990 మోడలు. "కొత్త టయోటా కొనుక్కోక ఈ పాత ఇనుమెందుకురా" అని మా అత్తగారు ఫోన్లో ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు. వాడు వినడు. నేనూ ఆవిడ వైపు మాట్లాడను, ఎందుకంటే ఆ కారు నాకూ ఇష్టమే. రెండే సీట్లు, బట్ట టాపు, టన్నుకి కాస్త తక్కువ బరువు, 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 116 గుర్రాలు. ఈ రోజుల్లో కూరగాయలు తెచ్చుకునే కార్లకే అంతకన్నా ఎక్కువ బలం ఉంటోంది. అయినా మలుపులో దాని దారి దానిదే.

దాని పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. ఇంగ్లండు వాళ్ళ పాత రకం రెండు సీట్ల కార్లు ఒక్కొక్కటే కనుమరుగవుతున్న రోజుల్లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల విలేకరి, మాజ్డా ఇంజినీరింగ్ పెద్ద కెనిచి యమమోటోతో "అలాంటిది చవగ్గా, చెడిపోకుండా మీరెందుకు చెయ్యరు?" అన్న ధోరణిలో మాట కలిపాడు. అది 1979. తర్వాత హాల్‌నే కంపెనీలోకి తీసుకున్నారు. పదేళ్ళకి, 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో కారు బయటికొచ్చింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. మొదటి తరం కార్ల కోసమని మాజ్డా జపాన్‌లో పాతవాటిని బాగుచేసే పథకం పెట్టి, ఆగిపోయిన విడిభాగాలు కొన్ని మళ్ళీ చెయ్యడం మొదలెట్టింది. ముప్ఫై ఏళ్ళు దాటిన కారుకి ఇంతకన్నా మర్యాద ఏం కావాలి?

అయితే ఈ కారు ఒళ్ళు పరిచి చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. మామూలుగా ఇంజిన్ ముందు, వెనక చక్రాలకి బలం అందే బండిలో ఇంజిన్‌కి చెరోపక్క ఒక మౌంటింగు, గేర్‌బాక్సు కింద ఇంకొకటి ఉంటాయి. మియాటాలో గేర్‌బాక్సు కింద ఏమీ ఉండదు. గేర్‌బాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా పొడవాటి అల్యూమినియం దూలం ఒకటి బిగించారు. ఇంజిన్, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మూడూ కలిసి ఒకటే వెన్నెముక. ఆ వెన్నెముక మొత్తం ముందు రెండు మౌంటింగుల మీదా, వెనక డిఫరెన్షియల్ చెవులకున్న రెండు బుష్‌ల మీదా ఆనుకుని ఉంటుంది. అంటే నాలుగు రబ్బరు ముక్కలు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు వెంటనే పలికే ఆ గుణం ఈ అమరిక పుణ్యమే. ముందు రెండు రబ్బర్లూ చచ్చుబడితే సాయానికి మూడోది లేకపోవడం కూడా దీని పుణ్యమే.

అసలు ఇంజిన్‌ని రబ్బరు మీద కూర్చోబెట్టాలన్న ఆలోచన నిన్నా మొన్నటిది కాదండోయ్. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి పుట్టుకతోనే ఒక రోగం ఉంది. పిస్టన్లు రెండు పైకి, రెండు కిందికి వెళ్తుంటే లెక్క సరిపోవాలి కదా? సరిపోదు. కనెక్టింగ్ రాడ్ వాలు మూలంగా పిస్టన్ పైసగంలో ఒక వేగంతో, కిందిసగంలో ఇంకో వేగంతో కదులుతుంది. ఆ తేడా వల్ల చుట్టుకి రెండుసార్లు ఇంజిన్ నిలువునా ఎగిరిపడుతుంది. దానికి తోడు పేలుళ్ళు కూడా చుట్టుకి రెండే. ఐడ్లింగ్‌లో నిమిషానికి 850 చుట్లనుకోండి, సెకనుకి 28 కుదుపులన్నమాట. పూర్వం ఇంజిన్లని చట్రానికి నేరుగా బోల్టులతో బిగించేవారు. ఆ కుదుపులన్నీ కూర్చున్నవాళ్ళ వెన్నుపూసకి చేరేవి.

1931లో క్రైస్లర్ వాళ్ళు ప్లిమత్ కారులో 'ఫ్లోటింగ్ పవర్' అని ఒకటి తెచ్చారు. ఇంజిన్ బరువు కేంద్రం గుండా ఒక గీత గీసి, ఆ గీత మీద ముందు ఎత్తుగా ఒకటి, వెనక కిందగా ఒకటి రబ్బరు మౌంటింగులు పెట్టారు. ఇంజిన్ ఆ గీత చుట్టూ తనకి నచ్చినట్టు ఊగొచ్చు. మరీ తిరిగిపోకుండా పక్కన ఒక ఆకు స్ప్రింగు. నాలుగు సిలిండర్ల ఖర్చుతో ఎనిమిది సిలిండర్ల మెత్తదనం అని ఊదరగొట్టారు. వాల్టర్ క్రైస్లర్ ఆ కారుని స్వయంగా నడుపుకుంటూ హెన్రీ ఫోర్డ్ దగ్గరికి వెళ్ళి చూపించి, దాన్ని అక్కడే బహుమతిగా వదిలేసి టాక్సీలో ఇంటికి పోయాడని చెప్పుకుంటారు. పోటీవాడి గుమ్మంలో కారు వదిలి రావడమంటే ఎంత ధీమా ఉండాలి! మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఆ పద్ధతి వాడుకునే హక్కు కొనుక్కుని, తన కార్ల ముందు నీళ్ళలో తేలే హంస బొమ్మ తగిలించింది. రబ్బరు ముక్కకి హంస! నాకైతే భలే నచ్చింది. ఇవాళ ఎవడూ మౌంటింగు పేరు చెప్పి కారు అమ్మడు.

సరే, మా వాడి కారు సంగతికొద్దాం. వాడి ఫిర్యాదు ఇలా మొదలైంది. "బావా, గేరు రాడ్డు దానంతటదే ఊగుతోంది. పెడల్ మీద కాలు తీసి వేస్తే కింద ఠక్కుమంటోంది."

"క్లచ్చి చూపించావా?"

"చూపించాను. బానే ఉందన్నారు. కొత్త క్లచ్చి వేయించుకుంటే ఇంకా బావుంటుందన్నారు."

అదీ వరస. గంటకి వంద డాలర్లు దాటిన కూలి రేటున్న చోట "ఇంకా బావుంటుంది" అన్న మాట ఖరీదు మీరే లెక్కేసుకోండి. మియాటాలో గేరు రాడ్డు సరాసరి గేర్‌బాక్సు నెత్తి మీంచే వస్తుంది, మధ్యలో తీగలూ లింకులూ లేవు. ఇంజిన్ పక్కకి ఒరిగితే రాడ్డు కూడా ఒరుగుతుంది. దాన్ని చూస్తే చాలు, లోపల ఇంజిన్ ఎంత కదులుతోందో చెప్పెయ్యొచ్చు.

అయినా తొందరపడి సరుకు ఆర్డరివ్వకండి. ఐడ్లింగ్‌లో వణుకుతోందంటే ముందు స్పార్క్ ప్లగ్గులూ వాటి తీగలూ చూడాలి. ఈ పాత మియాటాలకి ప్లగ్గు తీగలు పాడవడం మామూలే. ఒక్క సిలిండర్ సరిగ్గా మండకపోయినా ఇదే వణుకు వస్తుంది. దానికి మౌంటింగులు మారిస్తే వణుకు మెత్తబడుతుందేమో గానీ రోగం అలాగే ఉంటుంది. ఆ అనుమానం తీరాక బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు లాగి, న్యూట్రల్‌లో ఒకరు యాక్సిలరేటర్ని చిటికెల్లా తట్టాలి, ఇంకొకరు పక్కన నిలబడి చూడాలి. పక్కన అంటే పక్కనే, కారు ముందు నిలబడొద్దు. ఇంజిన్ కాస్త ఒరిగి మళ్ళీ కుదురుకుంటే సరే. ఒక పక్క లేచి దబ్బున పడితే ఆ పక్క రబ్బరు తెగిందనుకోవచ్చు.

మా వాడి కారులో లేచింది ఎడమ పక్క. అది న్యాయమే. ఈ ఇంజిన్ క్రాంక్‌షాఫ్టు ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. అది చక్రాలని ఎంత బలంగా తిప్పుతుందో అంత బలంగా ఇంజిన్ తాను అవతలి వైపు తిరగాలని చూస్తుంది. ఫస్ట్ గేర్లో ఆ మెలి మూడింతలు దాటుతుంది. కారు దూకినప్పుడల్లా ఎడమ మౌంటింగుని పైకి పీకుతుంది, కుడిదాన్ని కిందికి నొక్కుతుంది. రబ్బరు నొక్కుడికి ఓర్చుకున్నట్టు పీకుడికి ఓర్చుకోదు. పైగా ఈ కారులో పొగగొట్టాల మ్యానిఫోల్డు కూడా ఎడమ పక్కే. వేడి. ఆ పైన వాల్వ్ కవర్ రబ్బరు అంచు నుంచి నూనె కారుతుంటే ఇక చెప్పక్కర్లేదు. మౌంటింగుల్లో వాడే సహజ రబ్బరు అలుపు లేకుండా సాగి ముడుచుకోవడంలో దిట్టే, కానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి, మెత్తబడి, ముద్దైపోతుంది. కాబట్టి నూనె కారుతుంటే ముందు అది ఆపండి. లేదంటే కొత్త మౌంటింగుకీ పాతదాని గతే పడుతుంది.

ఇక పని. ఎడమదే పోయినా రెండూ కలిపి మార్చాలి. ఒకటి కొత్తదీ ఒకటి కుంగినదీ ఉంటే ఇంజిన్ ఒక పక్కకి వాలి కూర్చుంటుంది.

చదునైన కాంక్రీటు నేల కావాలి. వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు వెయ్యాలి. జాకీతో ముందు భాగం ఎత్తి, జాక్ స్టాండ్ల మీద దించి, రెండు చేతులతో కారుని ఊపి చూడాలి. పడేదేదో మీరు కిందికి దూరకముందే పడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్ళేవాణ్ణి నేను ధైర్యవంతుడనను. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు. ఈ పాము టన్ను బరువుంది.

బ్యాటరీ నెగెటివ్ తీగ తీసెయ్యండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్ ముందుగా కుడి పక్కకి దాటే గొట్టం వదులు చేసెయ్యండి. ఇంజిన్ పైకి లేస్తే ఏవేవి బిగుసుకుంటాయో ఒకసారి చూసుకోండి. రేడియేటర్ గొట్టాలు, వెనక గోడలోకి వెళ్ళే హీటర్ గొట్టాలు, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్తు తీగ. ముప్ఫై ఏళ్ళ రబ్బరు గొట్టం బిస్కట్టులా విరుగుతుంది. నట్ల మీద తుప్పు వదిలించే నూనె ముందు రాత్రే కొట్టి పెడితే మర్నాడు తిట్లు తగ్గుతాయి.

ఇంజిన్‌ని ఎత్తడమెలా అన్నదగ్గర రెండు మతాలున్నాయి. ఒకటి, రెండు ఫెండర్ల మీదుగా అడ్డంగా ఇనప దూలం వేసి, ఇంజిన్‌కున్న కొక్కేలకి గొలుసు తగిలించి పైనుంచి పట్టి ఉంచడం. రెండోది, కింది నుంచి ఆయిల్ చాంబర్‌కి వెడల్పాటి చెక్క ఆనించి జాకీతో ఎత్తడం. నాది మొదటి మతం. మా వాడికి దూలం దొరకలేదు, చెక్కతోనే కానిచ్చాం. చెక్క పెద్దదై ఉండాలి, బరువు పరుచుకోవాలి. జాకీ తలని నేరుగా చాంబర్‌కి ఆనిస్తే రేకు లోపలికి సొట్టపోతుంది. ఆ సొట్ట నూనె పీల్చే గొట్టం నోటికి తగిలిందంటే మౌంటింగు మార్చబోయి ఇంజిన్‌నే పోగొట్టుకున్నట్టు.

ముందు బరువు పడీపడనట్టు చెక్క ఆనించాం. తర్వాత రెండు పక్కలా నట్లు వదులు చేశాం గానీ పూర్తిగా ఊడదీసింది ఒక్క పక్కే. రెండోది అలా వదులుగా తగిలి ఉంటే ఇంజిన్ ఎటో జరిగిపోదు. మళ్ళీ మౌంటింగు చెవుల రంధ్రాలు కలవడం కూడా తేలిక. జాకీని కొద్దికొద్దిగా కొడుతూ, కొట్టినప్పుడల్లా ఆగి గొట్టాలు చూసుకుంటూ అంగుళం, అంగుళన్నర ఎత్తితే మౌంటింగుకి బయటికొచ్చే దారి దొరుకుతుంది. ఎడమది మెడలు వంచకుండానే వచ్చింది. కుడి పక్క ఇన్‌టేక్ మ్యానిఫోల్డు కింద చెయ్యి పట్టదు. ఆ సందులోనే ఆయిల్ ఫిల్టరూ ఉంటుంది. మియాటా ఉన్నవాళ్ళందరూ నూనె మార్చిన ప్రతిసారీ మోచేతులు గీరుకునే చోటది. అక్కడ పొడవాటి ఎక్స్‌టెన్షనూ, మెడ తిరిగే సాకెట్టూ లేనిదే పని జరగదు. పదమూడేళ్ళ మా మేనకోడలు సన్నటి చెయ్యి దూర్చి నట్టు అందుకుంది. పెద్దవాళ్ళం టార్చి పట్టుకున్నాం.

తీసిన పాతదాన్ని వెంటనే చెత్తలో పారెయ్యకండి. కొత్తదాని పక్కన నేల మీద పెట్టి, రెండింటి మీదా ఒక స్కేలు అడ్డంగా వేసి చూడండి. పాతది ఎంత కుంగిందో తెలిసిపోతుంది. మా ఎడమదాన్ని బొటనవేళ్ళతో విడదీస్తే రబ్బరు నోరు తెరిచింది. ఒక అంచున ఇనప పలక నుంచి పూర్తిగా ఊడి వచ్చేసి, లోపల ఇనుము నున్నగా మెరుస్తోంది. రాసుకుని రాసుకుని మెరుగెక్కిందన్నమాట. వాడు విన్న ఠక్కు చప్పుడు ఇక్కణ్ణించే వచ్చింది.

కొత్తవి పెట్టేటప్పుడు నట్లన్నీ చేత్తో ఎక్కించి వదిలెయ్యాలి. జాకీ దించేసి, ఇంజిన్ బరువంతా రబ్బరు మీద పడనిచ్చి, దాన్ని చేతులతో అటూ ఇటూ ఊపి కుదురుకోనివ్వాలి. ఆ తర్వాతే బిగింపు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగిన భంగిమలోనే ఉండిపోయి, పుట్టిన రోజునుంచే చిరగడం మొదలెడుతుంది. ఎంత బలంతో బిగించాలన్నది వర్క్‌షాప్ పుస్తకం చూసి, టార్క్ రెంచ్‌తో చెయ్యండి. "చెయ్యి లెక్క" మీద నాకు నమ్మకం లేదు, మెకానిక్కులు నన్ను క్షమించాలి.

ఏ రబ్బరు వెయ్యాలన్న దాని మీద మా ఇద్దరికీ పెద్ద వాదనే జరిగింది. మా వాడికి పాలీయురెథేన్‌వి కావాలి. గట్టివి, రేసుల్లో వాడతారు, రంగు కూడా బావుంటుంది. "ఇంజిన్ అంగుళం కూడా కదలదు బావా!" అన్నాడు. కదలదు నిజమే. కదలకపోతే ఆ కదలికంతా ఎక్కడికి పోతుందిరా? నీ అద్దంలోకి, డ్యాష్‌బోర్డులోకి, మీ అక్క నడుములోకి. ఐడ్లింగ్‌లో మెత్తగా ఉండాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి. గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ ఒరగకూడదంటే రబ్బరు గట్టిగా ఉండాలి. ఒకే ముద్ద ఈ రెండూ చెయ్యలేదు. పోర్షే వాళ్ళు 2010 మోడల్ 911 జీటీ3లో దీనికో ఉపాయం చేశారు. మౌంటింగులో అయస్కాంతానికి లొంగే ద్రవం పోసి, కారు నెమ్మదిగా పోతుంటే పలచగా, ట్రాక్ మీద తోలితే చిక్కగా మారేట్టు కరెంటుతో ఆడించారు. బాగానే ఉంది, కానీ దాని బిల్లు చూడ్డానికి వేరే గుండె కావాలి.

మాజ్డా వాళ్ళే పోటీల కోసం చేసినవి ఇంకో రకం ఉన్నాయి. పైకి మామూలు వాటిలాగే ఉంటాయి గానీ లోపల రబ్బరు గట్టిది. ఆదివారాలు ట్రాక్‌కి వెళ్ళేవాడికి అవి సరైనవి. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళేవాడికి మామూలు రబ్బరే మంచిదని నా తీర్పు. మా వాడు గొణుక్కుంటూనే మామూలువే తెప్పించాడు. వాళ్ళక్క ఫోన్లో ఒక మాటందిలెండి.

కొత్తవి వేశాక మొదటి రోజు కారు మునుపటికన్నా కాస్త బిర్రుగా అనిపించొచ్చు. రబ్బరు సర్దుకునేదాకా అంతే. ఒకటి రెండు వందల మైళ్ళు తిరిగాక నట్లు మళ్ళీ ఒకసారి చూసుకోండి. ఇంజిన్ తన అసలు ఎత్తుకి లేచింది గనక సైలెన్సర్ గొట్టం బాడీకి ఎక్కడైనా తగులుతోందేమో కూడా చూడండి. మా కారులో తగల్లేదు. గేరు రాడ్డు ఊగడం మానేసింది. ఠక్కు చప్పుడు మాత్రం పూర్తిగా పోలేదు. మునుపు ముందు నుంచి వచ్చేది, ఇప్పుడు వెనక నుంచి, సన్నగా వస్తోంది. ముందరి గోలలో అది వినబడలేదన్నమాట.

డిఫరెన్షియల్ బుష్‌లై ఉంటాయి. అవి ఊడదియ్యాలంటే వెనక సగం దించాలి, కొత్తవి దిగెయ్యడానికి ప్రెస్సు కావాలి. అది ఇంటి దగ్గర చేసే పని కాదని నేనన్నాను. మా వాడు అప్పటికే ప్రెస్సు అద్దెకెక్కడ దొరుకుతుందో వెతుకుతున్నాడు.